పెళ్లయ్యాక వేరు కార్డు: ముందు చేర్పించాలి, ఆ తర్వాతే విడగొట్టాలి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. పెళ్లయి ఏడాది దాటింది. నా పేరు మా నాన్న కార్డులో ఉంది, మా ఆవిడ పేరు దర్శి దగ్గర వాళ్ల పుట్టింటి కార్డులో ఉంది. మా ఇద్దరికీ విడిగా కొత్త బియ్యం కార్డు కావాలి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చా?

జవాబు:

కొత్త రైస్ కార్డు అనే ఆప్షన్ జోలికి పోకండి. అది ఏ కార్డులోనూ పేరు లేని వాళ్ల కోసం. మీ ఇద్దరి ఆధార్ నంబర్లూ ఇప్పటికే చెరొక కార్డులో ఉన్నాయి కాబట్టి నంబరు కొట్టగానే అక్కడే ఆగిపోతుంది. మీకు కావాల్సింది రెండు సర్వీసులు, ఒకదాని వెనక ఒకటి. మొదట మీ నాన్నగారి కార్డులో మీ ఆవిడ పేరు చేర్చే మెంబర్ అడిషన్. అది తహసీల్దార్ లాగిన్‌లో ఆమోదం పొందాక, ఆ కార్డులోంచి మీరిద్దరూ బయటికొచ్చే స్ప్లిట్టింగ్. రెండూ ఒకే రోజు పెట్టేద్దామంటే కుదరదు. ఆమె పేరు మీ వైపు కార్డులో పడితేనే స్ప్లిట్టింగ్‌లో కనిపిస్తుంది.

అడిషన్‌కు ముందు పుట్టింటి కార్డులో పేరు తీయించాలని దర్శికి పరిగెత్తేవాళ్లు చాలామంది. అవసరం లేదు. డిలీషన్ సర్వీసు ప్రధానంగా చనిపోయిన వాళ్ల పేర్లు తీయడానికి. కారణం దగ్గర పెళ్లి అని ఎంచుకుని అడిషన్ పెడితే, రాష్ట్రంలోని కార్డే కాబట్టి అక్కడి పేరు ఇటు మారుతుంది. కోడలు తమిళనాడు నుంచో తెలంగాణ నుంచో వచ్చుంటే మాత్రం లెక్క వేరు. చెన్నై సంబంధాలు ఎక్కువగా ఉండే నెల్లూరు వైపు ఈ తంటా తరచూ వస్తుంది. అక్కడి కార్డులో పేరు తీయించి, తీసేసినట్టు కాగితం తెచ్చుకున్నాకే ఇక్కడ పెట్టాలి.

ఇక ఆన్‌లైన్ సంగతి. రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర నంబరు 95523 00009కు హాయ్ అని పెడితే సేవల జాబితా వస్తుంది, అందులో పౌర సరఫరాల సేవల్లోకి వెళ్లి దరఖాస్తు పెట్టొచ్చు. అయితే ఈకేవైసీకి, అంటే ఆధార్‌తో మీరు మీరేనని నిర్ధారించడానికి, వేలిముద్ర వేయాలి కాబట్టి ఎటూ సచివాలయం మెట్లు ఎక్కక తప్పదు. మీ కేసులో రెండు సర్వీసులున్నాయి, మ్యాపింగ్ కూడా చూపించుకోవాలి. నన్నడిగితే నేరుగా సచివాలయంలోనే పెట్టించండి. రుసుం 24 రూపాయలు. నెట్ సెంటర్‌లో వందలు అడిగితే ఇవ్వాల్సిన పని లేదు.

మ్యాపింగ్ అంటే సచివాలయం డేటాలో ఎవరు ఏ ఇంటి కింద ఉన్నారనే లెక్క. దీన్ని హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. కార్డులో చేర్పు అయినంత మాత్రాన ఇది దానంతట అది మారదు. మీరు కావలి వైపు, ఆమె దర్శి వైపు క్లస్టర్‌లో (సచివాలయం కింది ఇళ్ల గుంపులో) ఉంటే దరఖాస్తు ముందుకు కదలదు. అందుకే వెళ్లగానే డిజిటల్ అసిస్టెంట్‌ను ఇద్దరి ఆధార్ కొట్టి మ్యాపింగ్ చూడమనండి. తేడా ఉంటే దాన్ని సరిచేయించాకే దరఖాస్తు. ఇద్దరి ఆధార్‌లు, రెండు కార్డుల నంబర్లు, పనిచేసే ఫోన్ నంబరు తీసుకెళ్లండి. మ్యారేజ్ సర్టిఫికెట్ చేతిలో ఉంటే జేబులో పెట్టుకోండి. అది లేదని మాత్రం ఆగొద్దు.

దరఖాస్తులు ఎక్కువగా పోయేది ప్రభుత్వ రికార్డులతో అర్హత చూసే అంచెలంచెల వడపోతలో. ఆదాయం నెలకు పల్లెలో 10,000, పట్నంలో 12,000 రూపాయలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపినా 10 ఎకరాల లోపే. కరెంటు నెలకు సగటున 300 యూనిట్ల లోపు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ పింఛనుదారు గానీ ఉండకూడదు, పారిశుధ్య కార్మికులకు మినహాయింపు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, టాక్సీ, ఆటో, ట్రాక్టర్ అయితే పర్లేదు. పట్నంలో ఇంటి విస్తీర్ణం కూడా చూస్తారు.

ఇందులో నిజంగా అర్హత లేనివాళ్లకంటే ఆధార్ తప్పుగా ముడిపడి పోయినవాళ్ల గోలే ఎక్కువ వినిపిస్తుంది. కరెంటు సంగతే చూడండి. మీరు వాడేది 80 యూనిట్లే కావచ్చు. ఎవరిదో కోళ్ల ఫారం మీటరుకో, గతంలో అద్దెకున్న ఇంటి మీటరుకో మీ ఆధార్ తగిలించి ఉంటే ఆ యూనిట్లన్నీ మీ ఖాతాలోకే వస్తాయి. ఎన్ని మీటర్లుంటే అన్నీ కలుపుతారు. దీన్ని సచివాలయం కంప్యూటర్‌లో తీయలేరు. కరెంటాఫీసులో అర్జీ ఇచ్చి ఆ సర్వీసు నంబరు నుంచి ఆధార్ విడదీయించాలి. నెల్లూరు జిల్లాలో ఎస్పీడీసీఎల్, ఒంగోలు వైపు సీపీడీసీఎల్. సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంట్‌ను పట్టుకుంటే సర్వీసు నంబరు ఏదో చెప్పగలడు.

పొలం దగ్గరా ఇదే తీరు. అమ్మేసిన చెక్క ప్రభుత్వ భూరికార్డుల సైట్ వెబ్‌ల్యాండ్‌లో ఇంకా మీ పేరునే ఉండొచ్చు, ఇంటిపేరు కలిసిందని ఇంకొకరి ఖాతాకు మీ ఆధార్ ఎక్కించి ఉండొచ్చు. కోవూరు, విడవలూరు వైపు మాగాణి కాబట్టి మూడెకరాల గీత తొందరగా దాటుతుంది. కనిగిరి వైపు మెట్టకు అంత ఇబ్బంది రాదు. ముందే మీ పేరున ఎంత భూమి ఉందో చూపే 1బి కాగితం తీసి చూసుకోండి. కారు అమ్మి ఆర్సీ మార్పించకపోతే రవాణా శాఖ (ఆర్టీఏ) లెక్కలో అది మీ కారే. బ్యాంకు లోను కోసమని ఐటీ రిటర్న్ వేసినవాళ్లు కూడా కొన్నిసార్లు ఇరుక్కుంటారు, పైసా పన్ను కట్టకపోయినా సరే.

ఈకేవైసీలో మొరాయించేది వేలిముద్ర. చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ పట్టేవాళ్లకు, పొగాకు గ్రేడింగ్ చేసే ఆడవాళ్లకు, ఉప్పు కయ్యల్లో పనిచేసేవాళ్లకు వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటాయి. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, బొటనవేలు కాకపోతే వేరే వేళ్లు పెట్టి చూడండి. అయినా పడకపోతే ఐరిస్‌తో (కంటిపాపతో) చేయమని అడగండి. పదేపదే ఫెయిలైతే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకోవడమే దారి. ఐదేళ్లలోపు పిల్లలకు ఈకేవైసీ అక్కర్లేదు.

దరఖాస్తు పెట్టాక టీ అక్షరంతో మొదలయ్యే నంబరున్న రసీదు ఇస్తారు. దాన్ని పారేయొద్దు. గ్రామ వార్డు సచివాలయాల సైట్‌లో సర్వీస్ రిక్వెస్ట్ స్టేటస్ దగ్గర ఆ నంబరు కొడితే ఫైలు ఎవరి దగ్గరుందో తెలుస్తుంది. గడువు 21 రోజులు. ఈకేవైసీ పూర్తికాకపోతే ఫైలు వీఆర్వో దాటదు. చాలామంది ఫారం ఇచ్చాం కదా అని ఇంటికెళ్లిపోయి నెలంతా ఎదురుచూస్తారు. తిరస్కరిస్తే ఏ అంచెలో పోయిందో స్టేటస్ రాయించుకుని, ఆ రికార్డు సరైందాకా మళ్లీ పెట్టొద్దు, అదే కారణంతో మళ్లీ పోతుంది. రికార్డు సరిచేసినా కదలకపోతే పౌర సరఫరాల హెల్ప్‌లైన్ 1967కు ఫోన్ చేయండి, లేదా సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల వేదిక పీజీఆర్ఎస్‌లో అర్జీ ఇవ్వండి.

బియ్యం మనిషికి 5 కిలోలు, అంత్యోదయ కార్డయితే ఇంటికి 35 కిలోలు. కొత్త కార్డుకు ఆ నెలలోనే కోటా రాదు. తర్వాతి నెల డీలర్ కీ రిజిస్టర్‌లో (ఎవరికెంత ఇవ్వాలో చూపే జాబితాలో) పేరు పడ్డాకే ఇస్తారు. చౌక దుకాణాలు నెలలో 1 నుంచి 15వ తేదీ వరకు, పొద్దున 8 నుంచి 12 దాకా, సాయంత్రం 4 నుంచి 8 దాకా తీస్తారు. పోర్టబిలిటీ ఉంది కాబట్టి మీరు నెల్లూరులో పనిచేస్తుంటే అక్కడి షాపులోనే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, దానికోసం అడ్రస్ మార్పించాల్సిన పని లేదు.