జర్మన్ ఇంట్లో తెలుగు కుట్టు: కొత్తగా వచ్చినవారి సందేహాలు

జర్మనీకి కొత్తగా వచ్చే తెలుగు అమ్మాయిలు, ముఖ్యంగా జర్మన్ కుటుంబంలో కోడళ్లుగా అడుగుపెట్టినవారు, నన్ను అడిగే సందేహాల్లో వీసాల తర్వాత స్థానం కుట్టుపనిదే. ఊళ్లో ఉన్న మిషన్ తెచ్చుకోవచ్చా, ఇక్కడ జాకెట్లు ఎవరు కుడతారు, పాప పరికిణీకి కొలతలు ఎలా పంపాలి, ఇంట్లో కూర్చుని కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చా అని అడుగుతుంటారు. జాకెట్లన్నీ పెళ్లికి ముందే కుట్టించుకుని సూట్‌కేసులో తెచ్చుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది రెండు మూడేళ్లకు సరిపోతుంది. ఆ తర్వాత ఒక కాన్పు అయ్యేసరికి ఆ జాకెట్లలో ఒక్కటీ పట్టదు, వాటిని విప్పి వదులు చేసే మనిషి పక్క వీధిలో దొరకడు. ఇక్కడి ఊళ్లలో మార్పులు చేసిపెట్టే దర్జీ దుకాణాలు ఉన్నాయి, వాటిలో చాలా భాగం టర్కీ మూలాలున్న కుటుంబాలు నడిపేవే. ప్యాంటు పొడవు తగ్గించడం, జిప్పు మార్చడం వంటివి వారు చక్కగా చేస్తారు. జాకెట్టు పక్క కుట్లు విప్పి వదులు చేయమంటే అదీ చేస్తారు. కొత్త జాకెట్టు కత్తిరించమంటే మాత్రం మొహమాటంగా నవ్వి ఊరుకుంటారు. అందువల్ల ఇంట్లో ఒక మిషన్ ఉండాలన్నదే నా గట్టి అభిప్రాయం.

ఆ మిషన్‌ను ఊరి నుంచి మోసుకురావలసిన పని లేదు. ఇండియాలో లాగే ఇక్కడ కూడా కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి మోటారు కాలిపోతుందన్న భయం అవసరం లేదు, ప్లగ్గు ఒక్కటే మారుతుంది. అయినా ఆ ఇనుప తల బరువుకు విమానంలో అయ్యే ఖర్చుతో ఇక్కడే మంచి పాత మిషన్ కొనుక్కోవచ్చు. కైజర్స్‌లౌటెర్న్ పట్టణంలో 1862లో మొదలైన ప్ఫాఫ్ కంపెనీవారి పాత లోహపు మిషన్లు ఇప్పటికీ అటకల మీద నుంచి దిగి అమ్మకానికి వస్తుంటాయి. కొనేటప్పుడు జిగ్‌జాగ్ కుట్టు ఉన్నదో లేదో చూసుకోండి. ఇక్కడ పిల్లల బట్టలు ఎక్కువగా సాగే జెర్సీ గుడ్డతో ఉంటాయి, మనకు అలవాటైన తిన్నని కుట్టు వాటి మీద వేస్తే సాగదీయగానే దారం తెగిపోతుంది. జెర్సీకి మొన గుండ్రంగా ఉండే సూది విడిగా దొరుకుతుంది. సూది నంబర్ల విషయంలో గాభరా పడనక్కరలేదు. పొట్లం మీద 90/14 అని రెండు అంకెలు ఉంటాయి, రెండోది మనం ఊళ్లో అడిగే నంబరే. పట్టు చీరల జాకెట్టుకు సన్నని 70/10 గానీ 75/11 గానీ వాడితే జరీ పోగులు లేవవు.

మిషన్ ఏ గదిలో పెట్టాలన్నది అపార్ట్‌మెంటులో ఉండేవారికి చిన్న విషయం కాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకూ, ఆదివారం రోజంతా ఇరుగుపొరుగుకు చప్పుడు వినిపించకూడదన్నది ఇక్కడ దాదాపు అంతటా పాటించే నియమం. కొన్ని భవనాల్లో మధ్యాహ్నపు విశ్రాంతి వేళ కూడా అద్దె ఒప్పందంలో రాసి ఉంటుంది. మిషన్ కాళ్ల కింద మందపాటి ఫెల్టు ముక్క వేసి, కింద ఇంటివారి పడకగది మీద కాకుండా వేరే చోట బల్ల వేసుకుంటే సగం తగవు తప్పుతుంది. ఆదివారం కత్తిరింపుకూ చేతి కుట్టుకూ ఉంచుకోండి. హుక్కులు, కాజాలు, ఫాల్ హెమ్మింగ్ ఎప్పుడూ మిగిలిపోయే పనులే కదా.

ఇక అత్తగారి సంగతి. మా అత్తగారిది బాడెన్ ప్రాంతం. ఎన్నె బుర్డా 1950లో తన ఫ్యాషన్ పత్రికను మొదలుపెట్టిన ఆఫెన్‌బుర్గ్ ఆ ప్రాంతంలోనిదే. పత్రికతో పాటు నమూనా కాగితాలు కూడా ఇంటికి రావడం మొదలైన తర్వాత దర్జీ అవసరం లేకుండా ఇంటిల్లిపాదికీ కుట్టుకున్న జర్మన్ స్త్రీలు ఒక తరం నిండా ఉన్నారు. మీ అత్తగారు కూడా అటువంటివారైతే మీకు ఇంతకన్నా అదృష్టం లేదు. మొదటి ఏడాదిలో జర్మన్ రాని కోడలూ, ఇంగ్లిషు అంతగా రాని అత్తగారూ భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుకోవడం ఇద్దరికీ శిక్షే. అదే ఒక గుడ్డకు చెరో కొస పట్టుకుని మడత వేస్తున్నప్పుడు చూపించి చెప్పవచ్చు, తప్పు పోతే విప్పవచ్చు, మధ్యలో మాట రాకపోయినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. భాషా తరగతులకు వెళ్లడం మానమని నేను అనడం లేదు. కానీ దారం, సూది, మడత, వదులు, బిగువు, కొంచెం పైకి, కొంచెం కిందికి అనే మాటలతో మొదలైన జర్మన్ ఇంటి మాటల్లోకి తొందరగా దిగుతుంది.

అయితే ఆమె పద్ధతికీ మన పద్ధతికీ మౌలికంగా తేడా ఉంది, అది ముందే తెలుసుకుంటే అనవసరమైన నొచ్చుకోవడాలు తప్పుతాయి. మన టైలరు మాస్టారు ఎదుట నిలబడిన మనిషిని టేపుతో కొలిచి, ఆ అంగుళాలను సుద్దతో నేరుగా గుడ్డ మీద గీసి కత్తిరిస్తారు. అత్తగారు ముందు ఒక పెద్ద కాగితం పరుస్తారు. దాని మీద ఎన్నో దుస్తుల నమూనాలు, ఒక్కోదానికి ఎన్నో సైజులు రంగురంగుల గీతలుగా ఒకదాని మీద ఒకటి అచ్చయి ఉంటాయి. అందులో మీ గీతను వెతికి పట్టుకుని, పల్చని కాగితం మీదకు దించుకుని, ఆ తర్వాతే గుడ్డ జోలికి వెళ్లాలి. పత్రికలో వచ్చే ఆ గీతల్లో కుట్టుకు వదిలే మార్జిన్ కలిసి ఉండదు. చుట్టూ సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు మనమే కలుపుకోవాలి. గీత మీదే కత్తిరించేస్తే చొక్కా చిన్నదైపోతుంది. ఇంకొక తేడా వదులుకు సంబంధించినది. పత్రికలోని చొక్కా నమూనాలో మనిషి కదలడానికి వదులు ముందే కలిపి ఉంటుంది, మన జాకెట్టు మాత్రం ఒంటికి అతుక్కుని ఉండాలి. కాబట్టి 88 సెంటీమీటర్ల ఛాతీకి 38 సైజు అని చూసి ఆ చొక్కా నమూనాతో జాకెట్టు కుడితే చంకల దగ్గర సంచిలా వేలాడుతుంది. మీకు బాగా పట్టే పాత జాకెట్టు ఒకటి కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, ముక్కలను కాగితం మీద గీసి మీ సొంత నమూనా తయారు చేసుకోండి. క్రాస్ కట్ జాకెట్టులో ముందు భాగాన్ని ఏటవాలుగా ఎందుకు కత్తిరిస్తామో ఆమెకు చూపించండి. గుడ్డ ఏటవాలుగా సాగుతుందని ఆమెకు తెలుసు, కానీ ఆ సాగుడును ఛాతీ అమరికకు వాడుకునే తీరు కుట్టుపని తెలిసినవారిని తప్పకుండా ఆకట్టుకుంటుంది. మన వైపు నుంచి ఆమెకు నచ్చే మరో అలవాటు పక్క కుట్ల లోపల అంగుళం, అంగుళంన్నర గుడ్డ వదలడం. బిడ్డల తల్లికి ఆ మార్జిన్ ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

పాపాయి పుట్టినప్పుడు రెండు వైపుల పెద్దలకూ పేచీ వచ్చే మొదటి వస్తువు బొంత. మీ అమ్మగారు మెత్తబడిన నూలు చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంతతో దిగుతారు. ఇక్కడి మంత్రసాని, పిల్లల డాక్టరు మాత్రం మొదటి ఏడాది పక్కలో దుప్పటి, దిండు, బొంత ఏవీ వద్దని, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి నిద్రసంచి తొడగమని చెబుతారు. నిద్రలో బిడ్డ మొహం మీదకు దుప్పటి జారి ఊపిరి అందకపోయే ప్రమాదాన్ని తప్పించడానికే ఆ సలహా. ఈ విషయంలో నేను పూర్తిగా డాక్టరు పక్షమే. కానీ అమ్మగారి చీరను పెట్టెలో పెట్టేయాలని ఎవరూ అనలేదు. ఆ చీరతోనే నిద్రసంచి కుట్టవచ్చు. మెడ దగ్గర తల లోపలికి జారిపోనంత బిగువుగా, చంకలు సరిపోయేటట్టు ఉండాలి. బిడ్డ పొడవులోంచి తల పొడవు తీసేసి, కాళ్లు ఆడించుకోవడానికి పది సెంటీమీటర్లు కలిపితే సంచి పొడవు వస్తుంది. కోయడం అత్తగారూ, కుట్టడం అమ్మగారూ చేస్తే ఇక ఎవరి మాట నెగ్గిందన్న చర్చే రాదు. బొంతను మీరు దగ్గర కూర్చున్నప్పుడు నేల మీద పరిచి, బిడ్డను బోర్లా ఆడించుకోవడానికి వాడుకోండి.

పిల్లల దుస్తుల్లో ఇంకొక జాగ్రత్త ఉంది. జాకెట్టు వీపున తాళ్లు, వాటికి లట్కన్లు మనకు ముచ్చటే, కానీ ఏడేళ్ల లోపు పిల్లల బట్టలకు మెడ, తల దగ్గర తాళ్లు ఉండకూడదని యూరప్ ప్రమాణం ఈఎన్ 14682 చెబుతుంది. జారుడుబల్ల మీద తాడు చిక్కుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఊళ్లో కుట్టేవారికి ముందే చెప్పి, తాళ్ల స్థానంలో టిచ్ బటన్లు వేయించండి.

పట్టు పరికిణీ కుట్టించడానికి ఊరికి కబురు పంపేటప్పుడు పాప వయసు చెప్పి ఊరుకోవద్దు. ఇక్కడ పిల్లల సైజు అంటే వారి ఎత్తే, 110 అంటే 110 సెంటీమీటర్ల ఎత్తున్న బిడ్డకు పట్టేది. మన టైలరుకు ఆ అంకె అర్థం కాదు కాబట్టి నడుము నుంచి చీలమండ వరకు పొడవు, ఛాతీ చుట్టుకొలత, భుజం, జాకెట్టు పొడవు అంగుళాల్లోకి మార్చి పంపండి. అంగుళం అంటే 2.54 సెంటీమీటర్లు. పరికిణీకి లోపల రెండు మడత కుట్లు వేయమని అడగండి, అవి అంచుకు సరిగ్గా పైన పడాలి. ఏడాదికొకటి విప్పుకుంటూ వెళ్లినప్పుడు పట్టు మీద మిగిలే గీత అంచు రేఖలో కలిసిపోయి కంటికి కనిపించదు. ఇదే సందర్భంలో ఒక మాట. ఫిబ్రవరి ప్రాంతంలో కార్నివాల్ వచ్చినప్పుడు కిండర్‌గార్టెన్‌కు వేషం వేసుకురమ్మంటారు, చేతిలో ఉంది కదా అని పరికిణీ తొడిగి రాకుమారి వేషమని పంపించేవారు ఉన్నారు. సంక్రాంతికి కట్టుకునే బట్టను వేషం చేయడం నాకు నచ్చదు. ఆ రోజుకు తేనెటీగో, అగ్నిమాపక సిబ్బందో కుట్టి పంపండి.

బిడ్డకు ఆరేళ్లు వచ్చి బడిలో చేరే రోజున ఇక్కడి పిల్లల చేతిలో శంఖువు ఆకారపు పెద్ద పొట్లం ఉంటుంది, దాని పేరు షుల్‌ట్యూటె. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో సాక్సనీ, తురింగియా ప్రాంతాల్లో మొదలైన ఆచారం ఇది. లోపల మిఠాయిలు, పెన్సిళ్లు, చిన్న బొమ్మలు పెడతారు. అట్టతో చేసినది కొనవచ్చు, కానీ చాలా కుటుంబాల్లో సుమారు 70 సెంటీమీటర్ల అట్ట శంఖువుకు గుడ్డ తొడుగు కుడతారు. తొడుగు మీద బిడ్డ పేరు అప్లిక్ చేస్తారు, అంటే అక్షరాలను గుడ్డ ముక్కలుగా కత్తిరించి అతికి కుడతారు, తర్వాత లోపల దూది నింపి దిండుగా వాడుకుంటారు. మన ఇళ్లలో అక్షరాభ్యాసం అంతకు ముందే అయిపోయి ఉంటుంది. ఆ రోజు కట్టిన బట్టలోంచి మిగిలిన ముక్కలు దాచి ఉంచితే తొడుగుకు పనికొస్తాయి. పేరును రోమన్ లిపిలో అత్తగారు, తెలుగు లిపిలో మీరు కత్తిరించండి. తెలుగు అక్షరాల వంపులు కత్తెరకు కష్టం, అందుకే వెనక ఇస్త్రీతో అంటుకునే ఫ్యూజింగ్ వేసి కోయాలి.

గుడ్డ విషయానికి వస్తే, ఊరి మ్యాచింగ్ సెంటరులో దొరికే రంగుల వరస ఇక్కడ దొరకదు. లైనింగ్, ఫాల్స్, హుక్కులు సెలవులకు వెళ్లినప్పుడే తెచ్చుకోండి. ఇక్కడి నూలు గుడ్డ పన్నా సాధారణంగా 140 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి జాకెట్టుకు 80 సెంటీమీటర్లు కోయించుకుంటే చాలు. పెడన అద్దకమైనా, మంగళగిరి నూలైనా, కత్తిరించే ముందు పై గుడ్డనూ లైనింగునూ విడివిడిగా ఒకసారి ఉతికి ఆరబెట్టండి. ఉతకని లైనింగ్ తర్వాత కుంచించుకుపోయి జాకెట్టు ముడతలు పడుతుంది. డ్రయరులో మాత్రం వేయకండి. పెద్దవాళ్లు విమానంలో పట్టుబట్టలు కానుకగా తెచ్చేటప్పుడు మనిషికి 430 యూరోల విలువ వరకే సుంకం ఉండదని, పోస్టులో వచ్చే కానుకకు ఆ హద్దు 45 యూరోలేనని గుర్తుంచుకుని బిల్లులు వెంట ఉంచమని చెప్పండి.

జర్మన్ బంధువులు మన ఇంటి పెళ్లికి వస్తూ చీర కడతామని ముచ్చటపడితే వెంటనే ఎత్తు అడగండి. చీర వెడల్పు 45 నుంచి 48 అంగుళాలే. 178 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడపడుచు దాన్ని నడుము దగ్గర దోపితే చీలమండలు బయటపడతాయి. దోపుకునే వైపు లోపలి అంచుకు నాలుగు అంగుళాల మామూలు నూలు పట్టీ కుట్టేస్తే అది పావడా లోపలికి వెళ్లిపోయి కనిపించదు, చీర నిండుగా కిందికి దిగుతుంది. పావడా కూడా బజారు కొలత సరిపోదు కాబట్టి విడిగా కుట్టాలి. కుచ్చిళ్లు ముందే కుట్టి ఉంచవద్దు. తోటికోడళ్లు చుట్టూ చేరి కుచ్చిళ్లు సర్దే సరదా ఆమెకూ దక్కాలి.

సంపాదన సంగతి చివరగా చెబుతాను. అమెరికాలో ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నవారికి పని అనుమతి విడిగా ఉంటే తప్ప డబ్బు తీసుకుని కుట్టడం కుదరదు. జర్మనీలో భర్తతో లేదా భార్యతో కలిసి ఉండడానికి ఇచ్చే నివాస అనుమతితో ఉద్యోగమే కాక సొంత వ్యాపారమూ చేసుకోవచ్చు. మీ కార్డు మీద రాసి ఉన్న మాట ఒకసారి చదువుకోండి. దర్జీ పనికి ఇక్కడ మైస్టర్ పట్టా, అంటే చేతివృత్తిలో పై స్థాయి అర్హతపత్రం, అవసరం లేదు, కానీ ఊరి కార్యాలయంలో వ్యాపారం నమోదు చేయించి, చేతివృత్తుల సంఘంలోనూ పేరు రాయించుకోవాలి. 2025 నుంచి ముందటి ఏడాది రాబడి 25,000 యూరోలు దాటని చిన్న వ్యాపారులు అమ్మకపు పన్ను వసూలు చేయనక్కరలేదు. పరిచయస్తులకే కదా అని లెక్క రాయకుండా కుట్టి డబ్బు తీసుకోవద్దు. భర్త ఆరోగ్య బీమాలో ఉచితంగా చేరి ఉన్నవారికి నెలకు ఇంతవరకే ఆదాయం ఉండవచ్చునన్న పరిమితి ఉంది, అది ఏటా మారుతుంది. దాటితే ఆరోగ్య బీమా సొంతంగా కట్టుకోవాలి, ఆ మొత్తం జాకెట్ల మీద వచ్చే లాభాన్ని సులువుగా మింగేస్తుంది. కాబట్టి మొదటి ఆర్డరు ఒప్పుకునే ముందే బీమా సంస్థకు రాసి, జవాబు కూడా రాతపూర్వకంగానే తెప్పించుకోండి.