డిగ్రీ అయ్యాక నర్సు కావాలంటే

ప్రశ్న: ఇంటర్‌లో సీఈసీ, తర్వాత బీకాం చేశాను. వయసు 24. డిగ్రీ ఉంటే రెండేళ్లలోనే రిజిస్టర్డ్ నర్సు కావచ్చని ఒకరు చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: అమెరికాలో అయితే నిజమే. వేరే డిగ్రీ ఉన్నవాళ్లకు ఏడాది, ఏడాదిన్నరలో ముగిసే నర్సింగ్ కోర్సులు అక్కడున్నాయి. మన దగ్గర లేవు. మీకు చెప్పినవారు పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ సంగతి విని ఉంటారు. అది రెండేళ్లదే గానీ, జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) చేసి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన నర్సులకు మాత్రమే. ప్రవేశాల్లో మీ బీకాంను చూడరు, ఇంటర్‌నే చూస్తారు.

సీఈసీతో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు అర్హత లేదు. మూడేళ్ల జీఎన్‌ఎంకు ఉంది: ఏ గ్రూపైనా ఇంటర్‌లో 40 శాతం మార్కులు, ఇంగ్లిష్ పాస్, వయసు 35 లోపు. కామర్స్ వాళ్లు తడబడేది మొదటి ఏడాదిలోనే. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ఒక్కసారిగా మీద పడతాయి. చేరేలోపు ఇంటర్ జువాలజీలో రక్తప్రసరణ, విసర్జన, నాడీ వ్యవస్థ పాఠాలు చదివేయండి. థియరీ, ప్రాక్టికల్ రెండింట్లో విడివిడిగా 50 శాతం రావాలి. థియరీకి 80 శాతం హాజరు చాలు. వార్డు డ్యూటీ మాత్రం నూటికి నూరు పూర్తయితేనే సర్టిఫికెట్ చేతికొస్తుంది. పెళ్లికో తిరునాళ్లకో మానేసిన డ్యూటీ చివర్లో చేసి తీరాల్సిందే.

డిగ్రీ కాలేజీ నుంచి టీసీ, ఒరిజినల్స్ ముందే తెచ్చుకోండి. హెపటైటిస్-బి టీకా కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. మూడు డోసులు: మొదటిది వేసుకున్నాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. డిగ్రీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ వాడుకుని ఉంటే, మళ్లీ వస్తుందన్న లెక్కతో మాత్రం చేరకండి.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ, తర్వాత బీఎస్సీ అయింది. 22 ఏళ్లు. జీఎన్‌ఎం అయితే ఏడాది కలిసొస్తుందని ఇంట్లో అంటున్నారు.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: కలిసిరాదు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పెట్టే నార్‌సెట్ పరీక్షనే తీసుకోండి. బీఎస్సీ నర్సింగ్ వాళ్లు రిజిస్ట్రేషన్ కాగానే రాయొచ్చు. జీఎన్‌ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. అంటే మీరు బీఎస్సీ నర్సింగ్ చేస్తే 26కు, జీఎన్‌ఎం చేస్తే 27కు అర్హులవుతారు. దానికి వయోపరిమితి 30. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంది. పైన రాసిన ఆదోని పాఠకురాలికి అర్హత వచ్చేసరికే 29 నిండుతాయి. ఆమె దీన్ని ఇప్పుడే గుర్తుపెట్టుకోవాలి.

ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం ఉంటే (రిజర్వేషన్ వర్గాలకు 40) బీఎస్సీ నర్సింగే ఎంచుకోండి. మన రాష్ట్రంలో ప్రవేశ పరీక్ష ర్యాంకు కావాలి కాబట్టి పాత పుస్తకాలు మళ్లీ తిరగేయక తప్పదు.

ప్రశ్న: ఆరు నెలల నర్సింగ్ సర్టిఫికెట్‌తో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చేరొచ్చా?
– ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: సహాయకురాలిగా పని దొరకొచ్చు, రిజిస్ట్రేషన్ మాత్రం రాదు. రెండేళ్ల ఏఎన్‌ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) కోర్సు చేసినా ఏఎన్‌ఎంగానే నమోదవుతారు. దూరవిద్యలో జీఎన్‌ఎం అన్నవాళ్లను నమ్మొద్దు. కాలేజీకి ఆ విద్యాసంవత్సరానికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో డబ్బు కట్టకముందే చూడండి. బెంగళూరులో చేరితే అడగాల్సింది కర్ణాటక కౌన్సిల్‌ను. ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలోనో కనుక్కుని, ఓ మధ్యాహ్నం వెళ్లి వార్డులు చూసి రండి. ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులుండాలన్నది నిబంధన. మంచాలు ఖాళీగా కనిపిస్తే అక్కడ చేరకండి.