పాత సీడీ, పరుల పాటలు

ప్రశ్న: అమెరికన్ గాయని షాన్ కోల్విన్ పాడిన ‘కవర్ గర్ల్’ పాత సీడీ చవకగా దొరుకుతోంది. అందులోవి ఆమె సొంత పాటలు కావట. కొనవచ్చునా?

జవాబు: నిస్సంకోచంగా కొనండి. 1994లో వెలువడిన ఈ ఆల్బమ్‌లోని పాటలు ఇతరులవే అయినా, ‘పోలీస్’ అనే రాక్ సంగీత బృందం హుషారుగా వాయించిన ప్రేమగీతంలో ‘ఆమె’ను ‘అతడు’గా మార్చి, జోరు తగ్గించి కోల్విన్ పాడిన తీరు వింటే అది ఆమె కోసమే కట్టిన పాట అనిపిస్తుంది. బాబ్ డిలాన్ పాటను శ్రోతల ఎదుట పాడినప్పుడే రికార్డు చేశారు. నాకు అదే ఎక్కువ నచ్చింది.

అయితే డబ్బు చెల్లించే ముందు డిస్కును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. అడుగు వైపున ఉండే సన్నని గీతలు సాధారణంగా బాధించవు గాని, పేరు అచ్చువేసిన వైపు లోతైన గీత పడితే, పలుచని పూత కిందనే ఉన్న అల్యూమినియం పొర లేచిపోయి, అక్కడి పాట ఇక పలకదు.