మౌస్ మీరే పట్టుకోండి

ప్రశ్న: మేడమ్, మాది అమలాపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీ. పాతికేళ్ల పైనే లైబ్రరీలో చేస్తున్నాను, వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరు వేసి రాసే యాక్సెషన్ రిజిస్టరంతా నా చేతిరాతే. ఇప్పుడు కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారని కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పెట్టారు. ట్రైనింగ్‌లో ఒక కుర్రాడు తెర మీద టకటకా నొక్కుకుంటూ పోయాడు, మేం తలలూపాం. ఏది నొక్కితే ఏం పోతుందోనని ఒకటే టెన్షన్. తెలుగులో వెతికితే ఉన్న పుస్తకాలు కూడా లేవంటోంది. ఈ వయసులో నాకిది ఎక్కుతుందంటారా?

జవాబు: ఎందుకెక్కదండీ? ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో కళ్లు మూసుకుని చెప్పే మనిషి మీరు. ఆ కుర్రాడికి కోహా వచ్చు గానీ లైబ్రరీ రాదు. ఈసారి అతన్ని పక్కన కూర్చోబెట్టుకోండి, మౌస్ మాత్రం వదలకండి, "నేను చేసిచ్చేస్తా ఉండండి మేడమ్" అన్నా సరే. ముందు ఇష్యూ, రిటర్న్ ఈ రెండే. వాటికి చెయ్యి అలవాటు పడ్డాక కొత్త పుస్తకాలు ఎక్కించడం. రిపోర్టులంటారా, అది న్యాక్ గొడవ, తొందరున్నవాళ్లు ఆ కుర్రాడితోనే చేయించుకుంటారు.

ఏదో పోతుందన్న భయం వద్దు. ఇష్యూలో ఉన్న పుస్తకాన్ని కోహా డిలీట్ చెయ్యనివ్వదు. అయినా గుబులుగా ఉంటే, కొత్త పుస్తకాలు ఎక్కించడం మొదలుపెట్టేదాకా మీ లాగిన్‌కి పుస్తకాల వివరాలు మార్చే అనుమతే తీసేయమనండి.

అసలు చిక్కు తెలుగులోనే ఉంది. ఒకరు విశ్వనాథ అనీ ఇంకొకరు విశ్వనాధ అనీ ఎక్కించారనుకోండి, కోహా లెక్కలో వాళ్లు ఇద్దరు మనుషులు, థ కొట్టి వెతికిన పిల్లకి ధ కింద ఉన్న పుస్తకాలు రానే రావు. శ్రీశ్రీ మధ్యలో ఖాళీ వదిలినా ఇదే గోల. కాబట్టి రచయితల పేర్లు ఏది ఎలా రాయాలో ఒక నోట్‌బుక్‌లో పెట్టుకుని, ఎవరు ఎక్కించినా అదే చూసి కొట్టమనండి. పాత జాబితా డీటీపీ వాళ్లు అనూ ఫాంట్లలో కొట్టిచ్చి ఉంటే అది యూనికోడ్ (ఏ కంప్యూటరైనా చదవగలిగే తెలుగు) కాదు, అలాగే తెచ్చి పోస్తే తెర నిండా పిచ్చి గీతలే. ముందు మార్పించండి, మార్చాక ఒత్తులు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

తుఫాను రోజుల్లో కోనసీమ కరెంటు గురించి మీకు నేను చెప్పాలా! ఆ పూట కాగితం మీద రాసుకుని, తర్వాత ఎక్కించండి. రిటర్న్ తేదీ వెనక్కి మార్చుకునే వీలుంది, సెట్టింగుల్లో అది ఆన్ చేయించుకోండి, లేకపోతే పాపం పిల్లలకి ఉత్తి పుణ్యానికి ఫైన్ పడుతుంది. ఇంక ఆ రిజిస్టరు, ఎవరు పారేయమన్నా పారేయకండి.

ప్రశ్న: భీమవరంలో లైబ్రేరియన్ని. పాత పుస్తకాలు స్కాన్ చేసి కాలేజీ వెబ్‌సైట్లో పెట్టమంటున్నారు. పెట్టచ్చా?

జవాబు: రచయిత బతికుండగా అచ్చయిన పుస్తకమైతే, ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. 1919లో పోయిన కందుకూరి, 1946లో పోయిన చిలకమర్తి పుస్తకాలు నిక్షేపంగా పెట్టుకోండి. కాకపోతే ఈమధ్య వేసిన ముద్రణలో ఎవరైనా ముందుమాటో వివరణలో రాసి ఉంటే ఆ పేజీల హక్కు వాళ్లది, అందుకని పాత ముద్రణే స్కాన్ చేయండి. పోటీ పరీక్షల గైడ్ల జోలికి మాత్రం పోకండి, పిల్లలు ఎంత బతిమాలినా.