గరిష్ఠ వేగంతో గరిష్ఠ దూరం వెళ్లవచ్చా?

ప్రశ్న: రష్యా బాంబర్ టీయూ-160 గంటకు దాదాపు 2,200 కిలోమీటర్ల వేగం అందుకుంటుందనీ, ఒకసారి ఇంధనం నింపితే 12,300 కిలోమీటర్లు వెళుతుందనీ చదివాను. అయితే అంత దూరాన్ని ఆరు గంటల్లోపే చేరుతుందా?
- డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చేరలేదు. మీరు చదివిన రెండు అంకెలూ సరైనవే గాని, ఒకే ప్రయాణానికి రెండూ వర్తించవు. 12,300 కిలోమీటర్లన్నది ధ్వని వేగానికి లోబడి ఎగిరినప్పుడు అందే దూరం. 2,200 అన్నది కొద్దిసేపు మాత్రమే నిలిపి ఉంచగల వేగం.

విజయవాడ బెర్మ్ పార్కు నుంచి భవానీ ద్వీపానికి లాంచీలో వెళ్లేటప్పుడు దాని ముక్కు దగ్గర కూర్చుని చూడండి. వేగం పెరిగేకొద్దీ ముందు నీరు గుట్టగా లేస్తుంది, ఇంజను శక్తిలో చాలా భాగం ఆ అలను నెట్టడానికే ఖర్చవుతుంది. ధ్వని వేగం దాటిన విమానం ముందు గాలికి తప్పుకునే వ్యవధి ఉండదు కనుక అది షాక్‌వేవ్ అనే గట్టి అలగా బిగుసుకుని అలాగే అడ్డుపడుతుంది. ఆ అడ్డును అధిగమించడానికి ఇంజను వెనుక వేడి వాయువుల్లోకి మళ్లీ ఇంధనం చిమ్మి మండించే ఆఫ్టర్‌బర్నర్‌ను వాడితే, ట్యాంకులు చూస్తుండగానే ఖాళీ అవుతాయి.

ఇందుకు అమెరికా బాంబర్ బీ-58 చేసిన ఒక ప్రయాణాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. 1963 అక్టోబరు 16న అది టోక్యో నుంచి లండన్‌కు 8 గంటల 35 నిమిషాల్లో చేరింది. మాక్ 2, అంటే ధ్వని వేగానికి రెట్టింపు, అందుకోగల ఆ విమానం దారిలో ఐదుసార్లు ధ్వని వేగం కంటే కిందికి తగ్గి, ట్యాంకర్ విమానం వెనుక చేరి ఇంధనం నింపుకోవలసి వచ్చింది. ఆఫ్టర్‌బర్నర్ మొరాయించడంతో చివరి గంట కూడా ఆ తగ్గిన వేగంతోనే సాగింది. సగటు వేగం గంటకు 1,500 కిలోమీటర్ల దగ్గరే ఆగింది.

వేడి మరో హద్దు. మాక్ 2 వద్ద విమానం ముక్కు దగ్గర వేడి సుమారు 120 డిగ్రీల సెల్సియస్‌కు, మాక్ 3 వద్ద 330కి చేరుతుంది. అంత వేడికి అల్యూమినియం తట్టుకోలేదు. అందుకే అమెరికా ప్రయోగాత్మక బాంబర్ ఎక్స్‌బీ-70ని ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలు, టైటానియంలతో కట్టారు. అయినా 1965 అక్టోబరు 14న తొలిసారి మాక్ 3 దాటినప్పుడు ఎడమ రెక్క అంచు నుంచి దాదాపు రెండడుగుల ముక్క ఊడిపోయింది. తరువాత వచ్చిన అమెరికా బాంబర్ బీ-1బీని మాక్ 1.25కే పరిమితం చేశారు. ఎందుకంటే చాలా ఎత్తులో వేగంగా ఎగిరినంత మాత్రాన క్షిపణుల నుంచి రక్షణ ఉండదని అప్పటికి తేలింది.

ఇక మీ లెక్కకు వస్తే, ధ్వని వేగానికి లోబడి గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల చొప్పున 12,300 కిలోమీటర్లకు సుమారు 14, 15 గంటలు పడుతుంది.