గన్నీ కాదు, గోనె

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. కౌబాయ్‌ల కాలాన్ని వేషాలు కట్టి చూపించే బృందంలో వారాంతాల్లో పాల్గొంటున్నాను. గుర్రం జీనుకు వేలాడదీసే తోలు శాడిల్‌బ్యాగ్ ఖరీదు ఎక్కువ, గన్నీ సంచి అయినా ఆ కాలానికి సరిపోతుందన్నారు. మన పిల్లలకు తెలుగులో చెప్పేటప్పుడు వీటిని ఏమనాలి?

సమాధానం: గన్నీ సంచి అనకండి, దయచేసి. గోనె అనండి. ఇంగ్లీషువాళ్ల గన్నీ హిందీ, మరాఠీల గోనీ నుంచి పోయిందే, దాని వెనక సంస్కృత గోణి ఉంది, మన గోనెదీ ఆ ఇల్లే. ఈ గోణి మామూలు మాట కాదండీ. ధాన్యం పోసుకునే సంచి అనే అర్థంలోనే ఈ రూపం వస్తుందని పాణిని సూత్రం (4.1.42). పాణిని సూత్రాలకు వ్యాఖ్యానం రాసిన పతంజలేమో తన మహాభాష్యం మొదట్లోనే గౌః (ఆవు) అన్న మాటకు జనం నోట పుట్టిన అపభ్రంశాలు చెబుతూ గావీ, గోణీ, గోతా, గోపోతలికా అని వరసపెట్టాడు. అంటే సంచిని గోణి అంటే ఒప్పు, ఆవును అంటే తప్పు. (అక్కడి గోతాను మన గోతాంతో ముడిపెట్టకండి, అది ఆవు.)

ధాన్యం కొనుగోళ్ల రోజుల్లో పత్రికలు "గన్నీ బ్యాగుల కొరత" అని రాస్తుంటే ఒళ్లు మండుతుంది. కల్లంలో రైతు గోనెలు లేవనే కదా అంటాడు!

గోనె ఆ కాలానికి సరిపోతుందని మీవాళ్లు చెప్పింది నిజమే. కౌబాయ్‌లు టెక్సస్ నుంచి కాన్సస్‌కు పశువుల మందలు తోలింది ముఖ్యంగా 1867 తర్వాత ఇరవయ్యేళ్లు. అప్పటికే కలకత్తా గోనెపట్ట ఓడల్లో అమెరికా వెళ్లేది, పత్తి బేళ్లకు చుట్టేవాళ్లు. కౌబాయ్ మార్పు చొక్కా, పొగాకు, ఉత్తరాలు, తూటాలు వేసుకునే వార్‌బ్యాగ్ చాలాసార్లు ఖాళీ అయిన పిండిసంచో గోనెసంచో.

బస్తా వేరు. అది ఫారసీ, కట్టినది అని అర్థం. నింపి, దబ్బనంతో పురికొస వేసి మూతి కుట్టి, ఎత్తడానికి రెండు మూలలా చెవులు వదిలితే బస్తా, ఖాళీగా మడత పెట్టి ఉంటే గోనె. వాడుకలో రెండూ కలిసిపోయాయి కాబట్టి మరీ పట్టుబట్టను.

శాడిల్‌బ్యాగ్‌కు నేనైతే కంట్లం అంటాను, ఎద్దు మీదో గాడిద మీదో రెండు పక్కలా వేలాడే జంట సంచి. అది తోలుది కాదు, గుర్రానిది కాదు అని ఎవరైనా అంటే కాదనలేను, జీనుసంచి అన్నా పిల్లలకు తెలుస్తుంది. భుజాన వేలాడే హేవర్‌సాక్‌కు జోలె చాలు.

గోనె కొనేటప్పుడు మాత్రం ప్లాస్టిక్ అల్లికది వద్దు, జనపనారదే చూసి తీసుకోండి. దాని మీద కంపెనీ అచ్చు ఉంటే లోపలికి తిప్పి కుట్టుకోండి.