జపాన్ ఆటగాణ్ణి తీసుకున్నప్పుడు అమెరికా జట్టు పాత క్లబ్బుకి కట్టే డబ్బు కూడా ఒక రకం సుంకమేనా? ట్రంప్ సుంకాల వల్ల బేస్‌బాల్‌కి దెబ్బ తగులుతుందా?

మొదటిదానికి నా సమాధానం: ఔను, సుంకమే. కాకపోతే ప్రభుత్వం వేసింది కాదు, రెండు దేశాల క్లబ్బులు కూర్చుని రాసుకున్నది. దాని బరువు ఎక్కువగా ఆటగాడి మీదే పడుతుంది. రెండోదానికి: తగులుతుంది గానీ చాలా స్వల్పం. బేస్‌బాల్‌లో అసలు వాణిజ్య విధానమంతా బంతుల మీద కాదు, మనుషుల మీద నడుస్తుంది.

ముందు లెక్క చూద్దాం. ఈ విషయం మీద జరిగే వాదనల్లో సగం లెక్క తెలియకపోవడం వల్ల వచ్చేవే.

జపాన్ లీగులో తొమ్మిది సీజన్ల సర్వీసు పూర్తయితేనే ఆటగాడు తన ఇష్టప్రకారం విదేశానికి వెళ్ళగలడు. అంతకంటే ముందే వెళ్ళాలంటే క్లబ్బు అతణ్ణి ‘పోస్ట్’ చెయ్యాలి. చెయ్యమని పట్టుబట్టే హక్కు ఆటగాడికి లేదు, బతిమాలుకోవాల్సిందే. పోస్ట్ చేశాక 45 రోజులు గడువు. ఆ లోపు ఏ అమెరికా జట్టుతోనైనా మాట్లాడుకోవచ్చు. ఒప్పందం కుదరకపోతే మళ్ళీ పాత క్లబ్బుకే.

కుదిరితే అమెరికా జట్టు పాత క్లబ్బుకి రిలీజ్ ఫీజు కడుతుంది. 2018లో ఖరారైన శ్లాబులు ఇవి: కాంట్రాక్టులో గ్యారంటీ సొమ్ము మొదటి 25 మిలియన్ డాలర్ల మీద 20 శాతం, ఆ తర్వాతి 25 మిలియన్ల మీద 17.5 శాతం, 50 దాటిన ప్రతి డాలరు మీద 15 శాతం. మన ఆదాయపు పన్నుకి శ్లాబు పెరిగే కొద్దీ రేటు పెరుగుతుంది, ఇక్కడ తగ్గుతుంది.

యొషినొబు యమమోతోనే తీసుకోండి. 2023 డిసెంబరులో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌తో 12 ఏళ్ళకి 325 మిలియన్లు. మొదటి శ్లాబు 5 మిలియన్లు, రెండోది 4.375, మిగిలిన 275 మీద 15 శాతం అంటే 41.25. మొత్తం 50.625 మిలియన్లు ఒరిక్స్ బఫెలోస్ క్లబ్బుకి వెళ్ళాయి. కొరియా లీగుకీ ఇవే శ్లాబులు. అక్కణ్ణుంచి శాన్ ఫ్రాన్సిస్కో జియాంట్స్‌లో చేరిన జంగ్ హూ లీ కాంట్రాక్టు 113 మిలియన్లు, ఫీజు 18.825. కాగితం మీద వేసి చూసుకోండి, సరిపోతుంది.

లెక్క తప్పేది సాధారణంగా మూడు చోట్ల. ఈ ఫీజు ఆటగాడి కాంట్రాక్టులోంచి కోసేది కాదు, దాని పైన కట్టేది. చేరేటప్పుడు ఇచ్చే బోనస్ కూడా గ్యారంటీ సొమ్ములోకే వస్తుంది. ఇక ఆటను బట్టి వచ్చే బోనసులు, జట్టు తర్వాత వాడుకునే ఆప్షన్ సంవత్సరాలు మొదటిరోజు లెక్కలో ఉండవు. అవి నిజంగా చెల్లించినప్పుడు వాటి మీద విడిగా 15 శాతం కట్టాలి. ఆప్షన్లు ఉన్న కాంట్రాక్టుకి పత్రికల్లో వచ్చే ఫీజు అంకె తర్వాత పెరిగిందంటే కారణం ఇదే.

పైన కట్టేది కదా, మరి ఆటగాడి మీద భారం ఎలా అంటారా? జట్టు యజమాని ఫీజుని, జీతాన్ని వేరువేరు జేబుల్లోంచి తియ్యడు. ఈ పిచ్చర్ (బంతి విసిరేవాడు) కోసం మొత్తం ఇంత పెట్టొచ్చు అని ఒకే అంకె వేసుకుంటాడు. అందులోంచి పాత క్లబ్బు వాటా పోగా మిగిలింది ఆటగాడిది. దీనికి ఊహ అక్కర్లేదు, నిబంధనలు మారిన ప్రతిసారీ రుజువు కనిపిస్తూనే ఉంది.

2012 దాకా పద్ధతి వేరు. సీల్డ్ కవర్ వేలం. ఎక్కువ రాసిన ఒక్క జట్టుకే ఆటగాడితో మాట్లాడే హక్కు. 2006లో దైసుకె మత్సుజాకా కోసం బోస్టన్ రెడ్ సాక్స్ రాసిన అంకె 51.1 మిలియన్లు. అది సెయిబు లయన్స్‌కి పోయింది. మత్సుజాకాకి దక్కింది ఆరేళ్ళకి 52 మిలియన్లు. మొత్తం 103 మిలియన్లలో దాదాపు సగం సగం. బోస్టన్ తప్ప ఇంకెవరితోనూ మాట్లాడే వీల్లేని మనిషి ఏం బేరమాడతాడు? కాదంటే జపాన్‌కే తిరిగిపోవాలి.

2013 చివర్లో ఫీజుకి 20 మిలియన్ల గరిష్ఠ పరిమితి పెట్టారు. ఆ మొత్తం కట్టడానికి సిద్ధపడ్డ ఏ జట్టయినా ఆటగాడితో మాట్లాడొచ్చన్నారు. వెంటనే 2014 జనవరిలో మసహిరో తనాకా న్యూయార్క్ యాంకీస్‌తో ఏడేళ్ళకి 155 మిలియన్లు రాయించుకున్నాడు. క్లబ్బుకి వెళ్ళింది 20. ఏడేళ్ళలో ఆట మారలేదు, పిచ్చర్ల స్థాయీ మారలేదు. మారింది, వేరే గుమ్మం తొక్కే హక్కు.

ఇప్పటి శ్లాబులతో మత్సుజాకా లెక్క మళ్ళీ వేస్తే, బోస్టన్ అదే 103 మిలియన్లు పెట్టడానికి సిద్ధపడితే ఆటగాడికి సుమారు 88, క్లబ్బుకి 15 వచ్చేవి. పాత పద్ధతిలో అతను పోగొట్టుకున్నది సుమారు 36 మిలియన్ డాలర్లు.

ఇందులో లగ్జరీ టాక్స్ మెలిక కూడా ఉంది. జీతాల మొత్తం ఒక గీత దాటితే జట్టు లీగుకి పన్ను కట్టాలి. వరసగా మూడోసారి, అన్నిటికంటే పై గీత కూడా దాటిన జట్టుకి ఆ గీత మీది సొమ్ముపై రేటు 110 శాతం. అంటే అక్కడ జీతంగా ఇచ్చే ప్రతి డాలరూ 2 డాలర్ల 10 సెంట్లు అవుతుంది. పోస్టింగ్ ఫీజు మాత్రం ఈ లెక్కలోకి రాదు. వేలం రోజుల్లో పెద్ద జట్లు పాత క్లబ్బుకి ధారాళంగా రాసి, ఆటగాడి దగ్గర గీచి గీచి బేరమాడటానికి ఇదొక కారణం.

సుంకం ఎవరి మీద పడుతుందన్న ప్రశ్నకి మన దగ్గరే బాగా తెలిసిన ఉదాహరణ రొయ్య. 2025లో అమెరికా మన సరుకు మీద సుంకం పెంచుతూ పోయి ఆగస్టు 27 నుంచి 50 శాతం చేసింది. కాగితం మీద దాన్ని కట్టేది అక్కడి దిగుమతిదారు. భీమవరం వైపు చెరువు గట్టు మీద మాత్రం ముందు తగ్గింది రైతుకిచ్చే కౌంట్ ధర. చేతికొచ్చిన రొయ్యని చెరువులో ఎన్నాళ్ళని ఉంచుతారు? ఆగలేనివాడి మీదే బరువు పడుతుంది. పిచ్చర్ భుజం కూడా ఏళ్ళ తరబడి ఆగే సరుకు కాదు.

అన్నిటికంటే నాకు అన్యాయంగా కనిపించేది 25 ఏళ్ళ నిబంధన. 25 నిండని, లేదా ఆరు సీజన్ల ప్రొఫెషనల్ అనుభవం లేని విదేశీ ఆటగాణ్ణి ‘అమెచ్యూర్’ కింద లెక్కిస్తారు. అతనికిచ్చే బోనస్ జట్టుకి కేటాయించిన చిన్న నిధిలోంచే రావాలి, కాంట్రాక్టు కింది స్థాయి మైనర్ లీగుదే. షోహెయ్ ఒటాని 2017 డిసెంబరులో అమెరికా జట్టు ఏంజెల్స్‌లో చేరినప్పుడు వయసు 23. చేతికొచ్చిన బోనస్ 2.315 మిలియన్లు. అప్పటికి పాత పరిమితే నడుస్తోంది కాబట్టి నిప్పాన్ హామ్ క్లబ్బుకి 20 మిలియన్లు అందాయి. వదిలిపెట్టిన క్లబ్బుకి వచ్చినదాంట్లో ఎనిమిదో వంతు కూడా ఆడబోయేవాడికి దక్కలేదు. 2025 జనవరిలో రోకి ససాకి డాడ్జర్స్‌లో చేరినప్పుడు బోనస్ 6.5 మిలియన్లు. మైనర్ లీగు కాంట్రాక్టుల మీద ఫీజు 25 శాతం కాబట్టి లొట్టె మెరీన్స్‌కి 1.625 మిలియన్లే. ఈసారి జపాన్ క్లబ్బు కూడా నష్టపోయింది, లాభమంతా కొన్నవాడికి. కుర్రాళ్ళ రక్షణ కోసమే ఈ నిబంధన అని లీగు వాళ్ళు చెబితే నేను ఒప్పుకోను. ధర తొక్కిపెట్టడానికి పెట్టింది.

ఈ కట్టుబాట్ల మూలం 1964లో ఉంది. నాన్‌కాయ్ హాక్స్ శిక్షణ కోసం పంపిన మసనోరి మురకామి శాన్ ఫ్రాన్సిస్కో జియాంట్స్‌కి ఆడి, అమెరికా పై స్థాయి మేజర్ లీగులో తొలి జపాన్ ఆటగాడయ్యాడు. అతను ఎవరివాడన్న తగాదా ముదిరి, 1967లో ఒకరి ఆటగాళ్ళని ఒకరు ముట్టుకోకూడదని ఒప్పందం రాసుకున్నారు. 1995లో హిదెయొ నోమో దాంట్లో చిల్లు కనిపెట్టాడు. జపాన్‌లో ‘స్వచ్ఛందంగా రిటైర్’ అయితే అమెరికాలో ఆడటానికి అడ్డులేదు. రిటైరయ్యాడు, డాడ్జర్స్‌లో చేరాడు. ఆ చిల్లు పూడ్చడానికే 1998లో పోస్టింగ్ పద్ధతి పెట్టారు. క్రికెట్ చూసేవాళ్ళకి ఇది కొత్తేం కాదు. భారత బోర్డు ఆటలో ఉన్న మగ క్రికెటర్లని విదేశీ లీగులకి పంపదు. మన గుంటూరు అంబటి రాయుడు 2023లో కరీబియన్ లీగుకి వెళ్ళింది ఇక్కడ రిటైర్ అయ్యాకే.

ఎదురు దిశలో కూడా గోడలున్నాయి. జపాన్ జట్టు ఒక మ్యాచ్‌కి నలుగురికి మించి విదేశీయులని పెట్టుకోకూడదు. కొరియాలో కొత్తగా వచ్చే విదేశీ ఆటగాడికి మొదటి ఏడాది అయ్యే మొత్తం ఖర్చు 1 మిలియన్ డాలర్లు దాటకూడదు. ఒకటి కోటా, ఇంకొకటి ధర నియంత్రణ. వాణిజ్య విధానం పాఠంలో ఉండేవన్నీ ఇక్కడ ఉన్నాయి.

ఇక క్యూబా. అక్కడ ఉన్నది సుంకం కాదు, పూర్తి నిషేధం. 1962 నుంచి ఉన్న అమెరికా ఆంక్షల వల్ల క్యూబాలో ఉంటున్న ఆటగాడితో అమెరికా జట్టు ఒప్పందం చేసుకోలేదు. దారి ఒక్కటే: దేశం వదలాలి, మెక్సికో, హైతీ, డొమినికన్ రిపబ్లిక్ లాంటి మూడో దేశంలో నివాసం సంపాదించాలి, ఆ కాగితాలతో ఫ్రీ ఏజెంటుగా (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగలవాడిగా) గుర్తింపు తెచ్చుకోవాలి. ఈ మెట్లన్నిటి దగ్గరా దొంగ రవాణా ముఠాలు కాచుకుని ఉంటాయి, రాబోయే కాంట్రాక్టులో వాటా రాయించుకుంటాయి. 2013లో చికాగో వైట్ సాక్స్‌తో 68 మిలియన్లకి సంతకం పెట్టిన హోసె అబ్రేయు, అమెరికాకి వచ్చే విమానంలో దొంగ పాస్‌పోర్టు పేజీని చించి బీరుతో కలిపి మింగేశానని 2017లో మయామి కోర్టులో సాక్ష్యం చెప్పాడు.

దీన్ని మాన్పడానికి 2018 డిసెంబరులో మేజర్ లీగు, ఆటగాళ్ళ సంఘం, క్యూబా బేస్‌బాల్ సమాఖ్య కలిసి జపాన్ తరహా ఒప్పందమే రాసుకున్నాయి. 25 ఏళ్ళు, ఆరేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళని వదిలెయ్యాలి, సమాఖ్యకి ఫీజు ముట్టాలి. 2019 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం దాన్ని కొట్టేసింది. ఆ సమాఖ్య క్యూబా ప్రభుత్వంలో భాగమే, దానికి డబ్బు కడితే ఆంక్షల్ని మీరినట్టేనని చెప్పింది. క్యూబా ప్రభుత్వం ఆటగాళ్ళని సొంత ఆస్తిలా చూస్తుందన్న ఆరోపణ నిజమే. కానీ ఒప్పందం రద్దుచేస్తే వలస ఆగలేదు, డబ్బు సమాఖ్యకి బదులు ముఠాలకి పోయింది. రెండు చెడుల్లో ఏది చిన్నదో తేల్చడం నాకు కష్టమనిపించలేదు.

బంతి సంగతి. మేజర్ లీగు బంతులన్నీ కోస్టా రికాలోని తురియాల్బా ఊళ్ళో రాలింగ్స్ ఫ్యాక్టరీలో తయారవుతాయి. అంతకుముందు ఆ పని హైతీలో జరిగేది. 2018 నుంచి రాలింగ్స్ యాజమాన్యంలో మేజర్ లీగుకే వాటా ఉంది. లోపల రబ్బరు చుట్టిన బెండు, దాని మీద పొరలు పొరలుగా ఉన్ని దారం, పైన రెండు ముక్కల ఆవుతోలు, 108 జంట కుట్లు. తోలు అమెరికాలోని టెనెసీ నుంచి వెళుతుంది. చివరి బరువు 5 నుంచి 5.25 ఔన్సులే ఉండాలి, అంటే 142 నుంచి 149 గ్రాములు. ఆ ఎర్ర దారం కుట్లు ఇప్పటికీ మనుషులు రెండు సూదులతో చేత్తో వేస్తారు. దారం ఒకచోట బిగువు, ఒకచోట వదులుగా ఉంటే కుట్టు ఎత్తు మారుతుంది, గాల్లో బంతి నడక మారుతుంది. కుట్టే పని పూర్తిగా మిషన్‌కి అప్పగించే ప్రయత్నాలు నిలబడలేదు.

2025 ఏప్రిల్‌లో కోస్టా రికా సరుకు మీద 10 శాతం సుంకం వేశారు, ఆగస్టులో 15 చేశారు. ఆ ఉత్తర్వుల్లో ఒక వెసులుబాటు ఉండేది: సరుకు విలువలో కనీసం 20 శాతం అమెరికా ముడిసరుకు ఉంటే, ఆ భాగం తీసేసి మిగతాదానికే సుంకం. తోలు టెనెసీదే అయిన బంతికి ఇలాంటి నిబంధన ముఖ్యం. ఎలా చూసినా చేతి కుట్టు పనిని అమెరికా జీతాలతో చేయించే ఖర్చు ముందు 15 శాతం ఏ మూలకి? ఫ్యాక్టరీ కదలదు. వందల మిలియన్లు జీతాలిచ్చే జట్టుకి బంతుల ఖర్చు కంటికి ఆనదు. పిల్లలకి గ్లవ్ కొనే తల్లిదండ్రులకి మాత్రం తెలుస్తుంది. గ్లవ్‌లు చాలావరకు వియత్నాం, చైనా, ఫిలిప్పీన్స్ నుంచి వస్తాయి, 2025లో ఆ దేశాల మీద వేసిన సుంకాలు ఇంకా ఎక్కువ.

యజమానులు ఇలా కూడబలుక్కుని ధరలు కట్టడం చట్టవిరుద్ధం కాదా అని అడగొచ్చు. వేరే వ్యాపారంలో అయితే ఔననే వాదించొచ్చు. 1922లో అమెరికా సుప్రీంకోర్టు బేస్‌బాల్ అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదని తీర్పిచ్చి, గుత్తాధిపత్య నిరోధక చట్టాల్నుంచి మినహాయించింది. సెయింట్ లూయిస్ ఆటగాడు కర్ట్ ఫ్లడ్ తనని అడక్కుండా వేరే జట్టుకి మార్చడాన్ని సవాలు చేస్తే, 1972లో అదే కోర్టు మినహాయింపు వింతదే అని ఒప్పుకుంటూనే 5–3 ఓట్లతో కొనసాగించింది. మార్చాల్సింది అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్సే అంది. 1998లో కాంగ్రెస్ చేసిన చట్టం మేజర్ లీగు ఆటగాళ్ళ ఉద్యోగ విషయాలకే పరిమితం. బయటినుంచి రాబోయే కుర్రాడు దాని కిందికి రాడు. బేరమాడే సంఘంలో అతనికి ఓటు లేదు, ఎందుకంటే ఇంకా సభ్యుడు కాదు. లోపలున్నవాళ్ళు తమ వాటా కోసం వదులుకోవడానికి అతని వాటా సులువైన వస్తువు.

ఇప్పటి కార్మిక ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1. విదేశీ కుర్రాళ్ళని కూడా డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే పద్ధతి) పెట్టాలన్న యజమానుల ప్రతిపాదన 2022 జులైలో సంఘం ఒప్పుకోక ఆగిపోయింది, మళ్ళీ వస్తుంది. ఆ చర్చల వార్తలు చదివేటప్పుడు జీతాల పరిమితి గొడవ దగ్గరే ఆగిపోకుండా 25 ఏళ్ళ నిబంధన, విదేశీ బోనస్ నిధి ఏమవుతున్నాయో వెతకండి. డ్రాఫ్ట్ వస్తే ఒక కుర్రాడితో ఒక్క జట్టే మాట్లాడుతుంది. మత్సుజాకా నాటి పరిస్థితి పదహారేళ్ళ డొమినికన్ పిల్లలకి వస్తుంది.